రోహిణి కార్తెలో ప్రాసెసర్ ఫ్యాన్ ఆగిపోతే పని ఎలా నడిపించుకోవాలి

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, డిగ్రీ ప్రవేశాల దోస్త్ దరఖాస్తుల కోసం విద్యార్థులు వరుస కట్టిన సమయంలోనే హనుమకొండలోని ఏ జిరాక్స్ సెంటర్‌లోనో కంప్యూటర్ ప్రాసెసర్ మీది ఫ్యాన్ ఆగిపోతుంది. సరిపోయే ఫ్యాన్ ఊళ్లో దొరకకపోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ విడిభాగాల మార్కెట్ సీటీసీ నుంచి తెప్పించుకోవాలి, అందుకు రెండు మూడు రోజులైనా పట్టవచ్చు. ఆలోగా ఆ కంప్యూటర్‌ను నడపవచ్చా అన్న ప్రశ్నకు, ప్రాసెసర్ మీద ఏమి మిగిలి ఉన్నదన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. హీట్‌సింక్, అంటే ప్రాసెసర్ వేడిని లాగి గాలిలోకి వదిలే రేకుల లోహపు దిమ్మ, గట్టిగా అతుక్కుని ఉండి ఫ్యాన్ మాత్రమే ఆగిపోతే, కొన్ని జాగ్రత్తలతో తేలికపాటి పని చేసుకోవచ్చు. హీట్‌సింకే లేకపోతే, లేదా ఒక మూల ఊడి వాలిపోయి ఉంటే, స్విచ్ వేయనే కూడదు.

సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలా భాగం 65 వాట్ల తరగతికి చెందినవి, బరువైన పనికి తామే పెంచుకునే టర్బో వేగంలో అంతకు మించి కూడా విద్యుత్తు తీసుకుంటాయి. ఆ విద్యుత్తంతా చిన్న సిలికాన్ ముక్కలో వేడిగా మారుతుంది కాబట్టి, పైన లోహం లేకపోతే కొద్ది క్షణాల్లోనే ఉష్ణోగ్రత గరిష్ఠ పరిమితిని తాకుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ పరిమితి ఎక్కువగా 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ కంపెనీ రైజెన్‌లలో 90 నుంచి 95 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి పెరుగుతూ పోతే విద్యుత్తును కత్తిరించి ఆగిపోతుంది. ఈ రక్షణ అన్ని తరాల్లోనూ లేదు. 2001లో నడుస్తున్న కంప్యూటర్ల మీది హీట్‌సింక్ తీసి చూపిన ఒక ప్రదర్శనలో ఇంటెల్ పెంటియం 4 నెమ్మదించి పని కొనసాగించింది, నాటి ఏఎండీ అథ్లాన్ మాత్రం క్షణాల్లో కాలిపోయింది.

ఇప్పటి ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది నిజమే, కానీ దాని చుట్టూ ఉన్న భాగాలన్నింటికీ ఆ తెలివి లేదు. కంపెనీ ఇచ్చే మామూలు ఫ్యాన్ గాలిని కిందికి ఊదుతుంది కనుక, పక్కనే ఉండి ప్రాసెసర్‌కు వోల్టేజీ అందించే మాస్‌ఫెట్‌లు, కాయిల్‌లు, కెపాసిటర్లు కూడా ఆ గాలికే చల్లబడతాయి. ఫ్యాన్ ఆగితే వాటికీ గాలి ఆగుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు సుమారు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో పాత లెక్క. ఫ్యాన్ లేకుండా నెలల తరబడి నడిపిన కంప్యూటర్‌లో ప్రాసెసర్ బాగానే ఉండి మదర్‌బోర్డు పోవడానికి ఇదొక కారణం.

మన ప్రాంతంలో తప్పనిసరిగా తెలుసుకోవలసిన లెక్క ఇంకొకటి ఉన్నది. ఏ హీట్‌సింకూ, ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను గది ఉష్ణోగ్రత కన్నా కిందికి దింపలేవు. అవి చేసేదల్లా గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడాను తగ్గించడమే. సంక్రాంతి రోజుల్లో గది 25 డిగ్రీలుండగా 70 చూపిన కంప్యూటర్‌లో ఆ తేడా 45 డిగ్రీలు. అదే కంప్యూటర్, అదే పనితో, రేకుల కప్పు కింద గది 44 డిగ్రీలకు చేరిన మే మధ్యాహ్నం దాదాపు 89 చూపుతుంది. ఇందులో ఏదీ చెడిపోలేదు, ఎండ మాత్రమే పెరిగింది. కాబట్టి ప్రాసెసర్ ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే చూసి బెంబేలెత్తకుండా, గది కన్నా ఎంత ఎక్కువ ఉన్నదో చూడాలి. తేడా మునుపటి కన్నా పెరిగితేనే చల్లబరిచే ఏర్పాటులో లోపం ఉన్నట్టు.

కోర్ టెంప్ లేదా హెచ్‌డబ్ల్యూ మానిటర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ అంకెలను చూడవచ్చు. కంప్యూటర్ కరెంటు పోయినట్టు ఒక్కసారిగా ఆగిపోతుంటే చాలామంది యూపీఎస్‌నో, క్యాబినెట్‌లో కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌నో అనుమానించి మార్చేస్తారు. ఆ ఖర్చుకు ముందు ఒక్కసారి ఉష్ణోగ్రత చూడడం మేలు. ఆ తర్వాత చేయవలసిన పరీక్షకు పరికరమేదీ అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ 95 డిగ్రీలు చూపుతున్నప్పుడు కంప్యూటర్‌ను ఆపి, ప్లగ్ తీసి, వెంటనే హీట్‌సింక్ అంచును వేలితో జాగ్రత్తగా తాకాలి. లోహం చురుక్కుమంటే వేడి అక్కడిదాకా వస్తున్నది కానీ గాలిలో కలవడం లేదు, అంటే లోపం ఫ్యాన్‌లోనో దుమ్ములోనో ఉన్నది. లోహం గోరువెచ్చగానే ఉంటే వేడి అసలు పైకే రావడం లేదు, అంటే ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వేడిని చేరవేసే పేస్ట్ ఎండిపోయింది లేదా హీట్‌సింక్ పిన్ను ఊడింది.

దుమ్ము తీయడానికి బ్లోయర్ ఒక్కటే చాలదు. వరంగల్ ఏనుమాముల పత్తి మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర గాలిలో తేలే పత్తి నూగు ఫ్యాన్‌కూ లోహపు రేకులకూ మధ్య కంబళిలా పేరుకుంటుంది, ఎంత ఊదినా కదలదు. ఫ్యాన్‌ను విప్పి, ఎండిన పెయింట్ బ్రష్‌తో దాన్ని పొరగా లేపి తీయాలి. గోదావరిఖని, భూపాలపల్లి బొగ్గు దుమ్ము, కరీంనగర్ గ్రానైట్ పొడి సన్నగా ఉంటాయి కాబట్టి వాటికి బ్లోయర్ పనిచేస్తుంది. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

పేస్ట్ మార్చాలంటే పాతదాన్ని మొబైల్ రిపేరు షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మధ్యలో చిన్న శనగగింజంత కొత్త పేస్ట్ పెట్టాలి. టూత్‌పేస్ట్ పెట్టి నడిపించవచ్చని చెప్పేవారున్నారు, అది ఆ వేడికి త్వరగా ఎండి పొడిబారుతుంది. పిన్నులున్న పాత రైజెన్‌లలో హీట్‌సింక్‌ను నిటారుగా లాగితే ప్రాసెసర్ కూడా మదర్‌బోర్డు మీద అది కూర్చునే సాకెట్ నుంచి ఊడి వచ్చి పిన్నులు వంగవచ్చు. కంప్యూటర్‌ను కాసేపు నడిపి వెచ్చబరచి, ఆపి, ప్లగ్ తీసిన తర్వాత హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి. ఇంటెల్ హీట్‌సింక్ నాలుగు పిన్నులను ఐమూలగా, ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని నొక్కాలి, నాలుగూ టక్కుమనాలి. కొత్త హీట్‌సింక్ తెప్పించేటప్పుడు సాకెట్ పేరు తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇంటెల్ 1151, 1200 సాకెట్లకు హీట్‌సింక్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700కు 78.

ఇక కొత్త ఫ్యాన్ వచ్చేదాకా నడపడం. క్యాబినెట్ వెనుక ఉండే 80 లేదా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఏదైనా ఉంటే, గాలి హీట్‌సింక్ వైపు వచ్చేలా జిప్ టైలతో కట్టి, మదర్‌బోర్డుపై సీపీయూ ఫ్యాన్ అని ముద్రించి ఉన్న చోట తగిలించవచ్చు. మూడు పిన్నుల ఫ్యాన్ నాలుగు పిన్నుల చోట కూడా పడుతుంది. అదీ లేకపోతే క్యాబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాలి. మన ఇళ్లలోని నీళ్ల కూలర్‌ను మాత్రం క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టకూడదు, దాని గాలితో వచ్చే తుంపరలు బోరు నీటి ఉప్పును బోర్డు మీద వదులుతాయి. గదిని చల్లబరచడానికి దూరంగా పెడితే అభ్యంతరం లేదు.

దీనితోపాటు వేడి పుట్టుకనే తగ్గించాలి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99కి తగ్గిస్తే చాలా కంప్యూటర్లలో టర్బో ఆగిపోతుంది, 60 లేదా 70 పెడితే వేడి ఇంకా తగ్గుతుంది. దరఖాస్తులు నింపడానికి, ప్రింట్లు తీయడానికి ఆ వేగం చాలు. పెళ్లి వీడియో ఎడిటింగ్ వంటి బరువైన పనిని పూర్తిగా మానుకోవాలి, కుదిరితే పని ఉదయం పూట ముగించుకోవాలి. ఉష్ణోగ్రత 85 దాటి నిలబడితే ఆపి చల్లారనివ్వాలి. ఫ్యాన్ తిరగడం లేదని స్క్రీన్ మీద వచ్చే హెచ్చరికను, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ అమరికల్లో తీసేస్తే, కొత్త ఫ్యాన్ బిగించిన రోజే దాన్ని తిరిగి పెట్టుకోవాలి.

కొత్త ఫ్యాన్ బిగించాక విండోస్ అమరికను మళ్లీ 100కు మార్చి, మధ్యాహ్నం పూట అరగంట బరువైన పని ఇచ్చి గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడాను రాసి పెట్టుకోవాలి. వచ్చే చలికాలంలో, అదే పనికి, ఆ తేడా అలాగే ఉంటే బిగింపు సరిగా ఉన్నట్టు. బాగా పెరిగి కనిపిస్తే ముందు దుమ్మును, తర్వాత పేస్ట్‌నూ పిన్నులనూ మరోసారి చూసుకోవాలి.