పెడల్ బలం కొలుద్దాం – 3: ఏ పరీక్షను నమ్మాలి?

కండరం ఆక్సిజన్ కోసం ఆగకుండా, తన నిల్వలతోనే క్షణాల్లో చేసే పని వేగమే అవాయు సామర్థ్యమని గత పాఠంలో చెప్పుకున్నాం. ఇప్పుడు దాన్ని కొలిచే పద్ధతులు చూద్దాం.

మార్గరియా–కాలమెన్ మెట్ల పరీక్షకు ఖర్చు తక్కువ. ఆరు మీటర్ల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి మూడేసి మెట్ల చొప్పున ఎక్కాలి. మూడో మెట్టు నుంచి తొమ్మిదో మెట్టుకు పట్టిన సమయం చూడాలి. బరువును 9.81తోనూ (భూమ్యాకర్షణ త్వరణం), ఆ రెండు మెట్ల మధ్య ఎత్తుతోనూ గుణించి సమయంతో భాగిస్తే వాట్లు వస్తాయి. 60 కిలోల మనిషి 1.05 మీటర్ల ఎత్తును 0.5 సెకన్లలో ఎక్కితే సుమారు 1236 వాట్లు. స్టాప్‌వాచ్ నొక్కే వేలు పదోవంతు సెకను ఆలస్యమైతే అదే మనిషి 1030కి పడిపోతాడు! పైగా ఇది పరుగు బలం. సైకిల్ తొక్కేవారికి నేనైతే దీన్ని సూచించను.

1970లలో ఇజ్రాయెల్‌లోని వింగేట్ సంస్థలో రూపుదిద్దుకున్న వింగేట్ పరీక్ష మనకు తగినది. వ్యాయామ సైకిల్ మీద శరీర బరువులో 7.5 శాతం భారం పెట్టి (60 కిలోలకు 4.5 కిలోలు) 30 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కాలి. బలం దాచుకుంటే పరీక్ష వృథా. అత్యుత్తమ 5 సెకన్ల సగటు గరిష్ఠ సామర్థ్యం. మొత్తం 30 సెకన్ల సగటు నిలకడను చెబుతుంది. గరిష్ఠం 720 వాట్లు, కనిష్ఠం 432 అయితే తగ్గుదల 40 శాతం. చివరి సెకన్లలో ఆక్సిజన్ పాత్ర కూడా కొంత ఉంటుంది కాబట్టి ఇది పూర్తిగా అవాయు పరీక్ష కాదు. గరిష్ఠం ఒక్కటే కావాలంటే, భారం మారుస్తూ ఆరేడు సెకన్ల చొప్పున తొక్కించే బల–వేగ పరీక్ష ఇంకా మేలు.

యంత్రం లేనివారికి మన డెల్టాలో కాలువగట్టు రోడ్డు ఉంది. ధవళేశ్వరం దిగువన ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు. చిక్కల్లా గాలితోనే. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక అమలాపురం వైపు తొక్కితే ఒక లెక్క, రావులపాలెం వైపు తొక్కితే మరో లెక్క. అందుకే తెల్లవారుజామున, గాలి నిలిచి ఉన్నప్పుడు, ఒకే గేరులో, ఒకే తూము దగ్గర బయలుదేరండి. 30 సెకన్లకు ఎంత దూరం వెళ్లారో సుద్దతో గీయండి. బాగా విశ్రాంతి తీసుకున్నాక ఎదురు దిశలోనూ తొక్కి సగటు తీయండి. ఇవి వాట్లు కావు, మీటర్లు. ఇతరులతో కాక, మీ పాత అంకెతోనే పోల్చుకోండి.

పది నిమిషాలు కండరాలు వేడెక్కించకుండా మొదలుపెట్టవద్దు. ముగిశాక దభాలున దిగితే కళ్లు తిరుగుతాయి, తేలికగా తొక్కుతూనే ఉండండి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడగందే ఈ జోలికి పోవద్దు.

వచ్చే పాఠానికి మీ బరువు, రెండు దిశల దూరాలు, గేరు రాసి ఉంచుకోండి. వాటితోనే శిక్షణ ప్రణాళిక వేద్దాం.