తరచూ మడతపడే చీలమండకు బ్రేస్ ధరించే విధానం

ఒకసారి బెణికిన చీలమండ ఆ తర్వాత చిన్న గుంటలో అడుగు పడినా లోపలివైపు మడతపడుతుంటే, ఆటకు దిగే ముందు బ్రేస్ (చీలమండ మడతపడకుండా పట్టి ఉంచే, లేసులతో బిగించే తొడుగు) ధరించడం మేలు. పరుగు మందగిస్తుందని, ఎగరలేమని చాలామంది దీనిని పక్కన పెడతారు. నిజానికి సరిగ్గా అమరిన బ్రేస్ వాటిపై చూపే ప్రభావం సాధారణంగా స్వల్పమే, మళ్లీ బెణికే ముప్పు మాత్రం బాగా తగ్గుతుంది.

ముడతలు లేని సాక్సు వేసుకుని, మడమను బ్రేస్ వెనుక భాగానికి పూర్తిగా ఆనించి, పాదాన్ని కాలికి 90 డిగ్రీల కోణంలో నిలిపి, లేసులను వేళ్ల వైపు నుంచి పైకి వరుసగా బిగించాలి. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే వదులు చేయాలి. వార్మప్ ముగిసేసరికి పట్టు కొంత సడలుతుంది కనుక మరోసారి బిగించాలి. బ్రేస్ కండరాలకు బలమివ్వదు. ఒంటికాలిపై నిలబడే సాధనను దానితోపాటు తప్పక కొనసాగించాలి.