వాచీ లాక్ మీద సన్న గీతలు పోగొట్టాలంటే

కరీంనగర్‌లో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాసే పని నాది. కూర్చునేది ఆఫీసు గదిలోనే అయినా రాతి దుమ్ము టేబుల్ మీద ఎప్పుడూ ఉంటుంది. ఎడమ చెయ్యి టేబుల్‌కు ఆనించి రాస్తాను. అందుకే పెళ్లికి మామయ్య పెట్టిన స్టీల్ చైన్ వాచీ లాక్ ఏడాదికే మసకబారింది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ స్టీల్ కన్నా గట్టిది మరి, గీతలు పడక ఏమవుతుంది.

"రాళ్లనే అద్దం లెక్క మెరిపిస్తరు గదా బావా, గీ ముక్క ఎంత?" అన్నాడు మా బామ్మర్ది. నిజమే అనుకుని 1000 నంబర్ వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, రుద్దేశాను. గీతలతో పాటు మెరుపూ పోయింది. రాయికి చేసినట్టే 1500, 2000, 3000 అంటూ ఇంకా నున్నటి పేపర్లు మార్చుకుంటూ పోతే రెండు ఆదివారాలు గడిచాయి, లాక్ మీద చెక్కిన అక్షరాలు సగం అరిగాయి. మా రాతి పలక మందం 18 మిల్లీమీటర్లు. లాక్ ఒట్టి పల్చటి రేకు. ఇప్పుడు వాటర్ పేపర్ జోలికే పోను.

ముందు గోరు పెట్టి గీతకు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే అది లోతు గీత, దాన్ని వదిలేయండి. జారిపోతే పని అవుతుంది. బంగారు రంగు పూత, నల్ల పూత ఉన్న లాక్‌లను మాత్రం ముట్టుకోవద్దు, పూత లేచిపోతే ఇంట్లో మళ్లీ రాదు. మొహం కనిపించేంత నున్నగా ఉండే భాగానికే ఈ పద్ధతి. పక్కనే సన్న చారలతో మాట్‌గా ఉండే భాగం ఉంటే పెయింటర్లు వాడే కాగితం టేప్ అంటించి కప్పేయండి. లేకపోతే అక్కడక్కడా మెరిసి మచ్చల్లా కనబడుతుంది.

తర్వాత కడగాలి. ఇది మానేస్తే సందుల్లోని ఇసుక రేణువే గుడ్డకు అంటుకుని కొత్త గీతలు పెడుతుంది. వాచీని పాలిథిన్ కవర్‌లో చుట్టి లాక్ మాత్రం బయట ఉంచండి. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో మడత దగ్గర తోమండి. నాకు మొదటిసారి వచ్చిన మురికి చూసి మా ఆవిడ ఆ బ్రష్ బయట పారేసింది.

ఆరాక బ్రాస్సో (ఇత్తడి సామాన్లు మెరిపించే పాలిష్ ద్రవం) సీసా బాగా ఊపి, పాత కాటన్ బనియన్ ముక్క మీద శనగగింజంత వేసుకోండి. వాసన ఘాటు, కిటికీ తీసి పెట్టండి. గుడ్డ వేలికి బిగించి చుట్టుకుని, లాక్ పొడవునా ఒకే వైపుగా, బరువు వెయ్యకుండా రెండు నిమిషాలు రుద్దండి. గుడ్డ నల్లబడుతుంది, కంగారు పడొద్దు, అందులో కొంత స్టీలే. నల్లబడ్డ చోటుతో మళ్లీ రుద్దకుండా గుడ్డ తిప్పుకుంటూ పోవాలి. అంచుల దగ్గర చెయ్యి ఇంకా తేలిగ్గా ఉండాలి. అక్కడ నొక్కితే పదును పోయి గుండ్రంగా అవుతుంది, అరిగింది తిరిగి రాదు.

కళ్లద్దాల గుడ్డతో తుడిచి కిటికీ వెలుతురులో అటూ ఇటూ వంచి చూడండి. ట్యూబ్‌లైట్ కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. ఇంకా ఉంటే మరో రెండు సార్లు చేయండి, అంతకు మించి వద్దు. చివర్లో మళ్లీ కడిగి ఫ్యాన్ కింద ఆరబెట్టండి. మడతలో తెల్లపొడి మిగిలితే లాక్ బిగుసుకుంటుంది.

దసరాకు మా యూనిట్‌లో మిషన్లన్నీ కడిగి పూజ చేస్తాం, నా వాచీ లాక్‌కు కూడా ఏడాదికి అదొక్కరోజే పాలిష్. మిగతా రోజుల్లో రాసేటప్పుడు వాచీ తీసి డ్రాయర్‌లో పెడుతున్నాను.