ఇంట్లో పన్నెండుమందికి అరిటాకు భోజనం పెట్టడం ఎలా?

పన్నెండుమందిని భోజనానికి పిలిస్తే టెన్షనంతా వంట గురించే పడతాం. తీరా తేడా కొట్టేది వడ్డన దగ్గర. మా ఇంట్లో మొదటిసారి ఆకుల్లో వేడి అన్నం, ముద్దపప్పు పడ్డాక చూస్తే నెయ్యి ఫ్రిజ్‌లో గడ్డకట్టి ఉంది. అది కరిగేలోపు పప్పు చల్లారింది. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అందుకే వంటల లిస్టుతో పాటు వడ్డన లిస్టు కూడా రాసి వంటింటి తలుపుకి అంటించండి.

ముందు రోజు

పూర్ణం బూరెలు, పులిహోర, గారెలు, ముద్దపప్పు, ఒక ముద్దకూర, ఒక వేపుడు, ఒక రోటి పచ్చడి, మజ్జిగ పులుసు, చారు, పెరుగు. ఇంతకు మించితే తినేవాళ్ళకీ కష్టమే. పిండివంటలుంటే అన్నం తక్కువే తింటారు కాబట్టి కిలోంబావు బియ్యం చాలు, పులిహోరకి విడిగా అరకిలో. కందిపప్పు అరకిలో. అరకిలో పచ్చిశనగపప్పు, అరకిలో బెల్లంతో ముప్పైకి పైనే బూరెలొస్తాయి. పెరుగు రెండు లీటర్లు ఉండాలి, అక్కడ మాత్రం పిసినారితనం వద్దు. రాత్రే తోడు పెట్టేయండి.

ఆకులు రెండు మూడు ఎక్కువే కొని, తుడిచి, తడిగుడ్డలో చుట్టి ఉంచండి. టేబుల్ మీద వేస్తుంటే వెనకవైపు ఈనె ఉబ్బును చాకుతో సన్నగా చెక్కేయండి, ఆకు ఊగదు.

ఆ ఉదయం

ముందు పులిహోర కలిపేయాలి, నానేకొద్దీ పులుపు పడుతుంది. మినపప్పు పొద్దున్నే నానబోసి, అతిథులు వచ్చే గంట ముందు రుబ్బుకోండి. మజ్జిగ పులుసు ఆఖరున చేసి సన్నటి మంట మీదే దించండి, మళ్ళీ మరిగిస్తే విరిగిపోతుంది. నెయ్యి కరిగించి పొయ్యి పక్కనే పెట్టండి. నేనైతే రెండుసార్లు చూసుకుంటాను!

ఆకు వేశాక

సన్నటి కొస తినేవారి ఎడమచేతి వైపు ఉండాలి. నీళ్ళు చిలకరించి తుడిచాక పైసగంలో ఉప్పు, పచ్చడి, ఆవకాయ, కూరలు, బూరెలు, పులిహోర వడ్డించేయండి. అప్పడాలు మాత్రం ఇప్పుడే వద్దు, మెత్తబడతాయి. అందరూ కూర్చున్నాక వేడి గారెలు, కింది సగంలో అన్నం, వెంటనే పప్పు, నెయ్యి.

వడ్డించడానికి ఇద్దరు కావాలి. ఒకరు అన్నం, నెయ్యి తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదు. పప్పన్నం, కూరలు, పచ్చడి అయ్యాక పులుసు, ఆ తర్వాత చారు. ఈ వరుసలో ఎప్పుడు ముందుకెళ్ళాలో బంతిలో అందరికన్నా నిదానంగా తినేవారిని చూసి తెలుసుకోవాలి. సాధారణంగా అది ఓ పెద్దాయనో, కబుర్లలో పడిన పిన్నిగారో అవుతారు. వాళ్ళ ఆకులో పులుసన్నం ఉండగా చారు గిన్నె బయటికి తేకండి, పాపం గబగబా మింగేస్తారు.

ఆకుకి అంచు ఉండదు కాబట్టి చారు పోసేముందు అన్నం మధ్యలో గుంట చేసుకోమనండి. చిన్నపిల్లలకైతే చారన్నం గిన్నెలో పెట్టడమే మేలు.

ఇక మారు వడ్డన. మనవాళ్ళు మొదటిసారి ‘చాలు’ అంటే అది చాలా మటుకు మొహమాటమే, ఇంకో గారె వేయొచ్చు. రెండు చేతులూ ఆకు మీద అడ్డుపెట్టి ముందుకు వంగారంటే నిజంగానే చాలు. అప్పుడు బలవంతం చేస్తే ఆ గారె ఆకులోనే మిగిలిపోతుంది.

పెరుగన్నం అయ్యాక అందరివీ పూర్తయ్యేదాకా ఎవరినీ లేవనీయకండి. తర్వాత అరటిపండు, తాంబూలం.

అన్నట్టు, వడ్డించేవాళ్ళ కోసం నాలుగు బూరెలు, కాస్త గారెల పిండి ముందే తీసి దాచండి. రెండో బంతిలో మీరు కూర్చున్నప్పుడు అతిథుల్లో ఎవరైనా గరిటె అందుకుంటే వద్దనకండి.