చార్ట్ జూమ్ పనిచేయట్లేదా? ముందు తారీఖుల కాలమ్ చూడండి

"అన్నా, చార్ట్‌కు జూమ్ పెట్టిన, పనిచేస్తలేదు." నల్గొండలో డేటా పని నేర్చుకుంటున్న పిల్లల నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే. అప్పటికే చార్ట్ గీసే ప్లాట్‌లీ కోడంతా రెండుసార్లు తిరగరాసి ఉంటారు. తారీఖుల కాలమ్ ఏ టైప్‌లో ఉందో మాత్రం చూసి ఉండరు. దయచేసి ముందు అది చూడండి.

సమస్య: ఒక నెలకు, ఆరు నెలలకు జూమ్ చేసే బటన్లు కనిపించవు. కింద తారీఖులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి.

కారణం: తారీఖులు టెక్స్ట్‌గా ఉన్నాయి. 2024-09-05 అని సంవత్సరం ముందుంటే ప్లాట్‌లీ దాన్ని తారీఖుగా గుర్తిస్తుంది. 05/09/2024 అంటే దానికి వట్టి పేరే.

పరిష్కారం: పైథాన్‌లో పట్టికలతో పనిచేసే పాండాస్‌లో టు డేట్‌టైమ్ (to_datetime) ఫంక్షన్‌తో వాటిని అసలైన తారీఖులుగా మార్చాలి. కానీ అసలు దెబ్బ తగిలేది ఇక్కడే.

నాగార్జునసాగర్ రోజువారీ నీటిమట్టంతో ఒకసారి చార్ట్ చేశాను. ఏడాది మొత్తం చూస్తే ఎగుడుదిగుడుగా ఉంది, వరదల వల్లేమో అనుకున్నాను. ఒక నెలకు జూమ్ చేస్తే 12వ తారీఖు తర్వాత పాయింట్లే లేవు. ఏ నెల చూసినా అంతే. పైగా మే 9న సాగర్ నిండుమట్టం 590 అడుగులకు దగ్గరగా ఉంది! నడి ఎండాకాలంలో సాగర్ నిండడమేంటి? అది నిజానికి సెప్టెంబర్ 5 లెక్క.

నీటి సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి ఫైల్లో మొదటి వరుస 01/06. పాండాస్ వెర్షన్ 2 నుంచి ఆ మొదటి వరుసను బట్టే ఫార్మాట్ ఊహిస్తుంది, అదీ నెల ముందు పెట్టే అమెరికా పద్ధతిలో. 13/06 దగ్గరికి రాగానే పదమూడో నెల లేదని ఎర్రర్ ఇచ్చి ఆగింది. నేను ఎర్రర్స్‌కు కొయెర్స్ (errors='coerce', అంటే చదవలేని తారీఖును ఖాళీగా వదిలెయ్యమని) అని పెట్టి దాని నోరు మూయించాను. దాంతో 13 నుంచి నెలాఖరు దాకా వరుసలన్నీ ఖాళీ తారీఖులయ్యాయి, మిగిలినవాటిలో రోజూ నెలా తారుమారయ్యాయి. పాత పాండాస్ అయితే ఇంకా ప్రమాదం. ఒక్కో వరుసను విడిగా ఊహిస్తుంది కాబట్టి ఖాళీలు కూడా ఉండవు, అనుమానమే రాదు.

కొయెర్స్ తీసేయండి. ముందు రోజు, తర్వాత నెల, చివర నాలుగంకెల సంవత్సరం అని ఫార్మాట్ మీరే రాసివ్వండి. తారీఖు ప్రకారం సార్ట్ చేసి, నెలవారీగా వరుసలు లెక్కపెట్టండి. జూన్‌కు 30, జూలైకి 31 రావాలి. మధ్యలో ఎవరైనా ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేసి ఉంటే తారీఖులు అక్కడే మారిపోయి ఉండొచ్చు, మొదటి సీఎస్‌వీ మళ్లీ అడిగి తెచ్చుకోండి.

మౌస్ చక్రంతో మాత్రమే జూమ్ కాకపోతే కాన్ఫిగ్‌లో స్క్రోల్ జూమ్ ఆన్ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. యాక్సిస్‌కు జూమ్ కాకుండా బిగించే ఫిక్స్‌డ్ రేంజ్ పెట్టి మర్చిపోయేవాళ్లు అరుదు, ఉంటే తీసేయండి.