ప్రకృతి డైరీ రాద్దాం – 3వ పాఠం: కొంగకీ రాతిపువ్వుకీ పోలికా?

పోయిన పాఠంలో ఒక్క జీవినే పావుగంట చూసి రాశాం. ఈసారి రెండిటిని పక్కపక్కన పెడదాం. కొంగనీ కాకినీ పోల్చడం మరీ తేలిక. అందుకే విజయవాడలో బందరు కాలువ గట్టున నిలబడే గుడ్డికొంగనీ, బిర్యానీలో పడే రాతిపువ్వునీ తీసుకుందాం. రాతిపువ్వు కొండ ప్రాంతాల సరుకు. మనకి కిరాణా కొట్టులో చిన్న పొట్లం చాలు.

నేను మొదటిసారి రాసిన పట్టిక చూస్తే నవ్వుతారు. ఎగురుతుందా? కొంగ ఎగురుతుంది, రాతిపువ్వు ఎగరదు. గుడ్లు పెడుతుందా? పెడుతుంది, పెట్టదు. పేజీ నిండింది, తెలిసింది సున్నా. రెండూ జవాబు చెప్పగలిగే ప్రశ్న వెతకాలి. ఈ పాఠమంతా అదే.

'పైకి ఏ రంగు, దాచుకున్నది ఏ రంగు?' అని అడిగి చూడండి. మెడ ముడుచుకుని నిలబడ్డ గుడ్డికొంగ అచ్చం బురద రంగు. బాగా దగ్గరికి వెళ్లేదాకా కదలదు, ఆ పేరు అందుకే వచ్చిందంటారు. మీ చెప్పు జారి చప్పుడైందా, లేస్తుంది. లేవగానే తెల్లటి రెక్కలు! ఇందాకటి పక్షేనా అనిపిస్తుంది. ఇప్పుడు పొట్లంలోంచి వెడల్పాటి రేకు తీయండి. పైన బూడిద రంగు. తిరగేస్తే బొగ్గు నలుపు, అంచు దగ్గర గోధుమ రంగు. భూతద్దంలో నల్లటి నూగు కనిపిస్తుంది. వేళ్లు అని రాసేయకండి. ఆ నూగు అతుక్కుని ఉండడానికే, నీళ్లని మాత్రం రాతిపువ్వు ఒళ్లంతటితో పీల్చుకుంటుంది.

'పేరు ఎవరిది?' కొంగ శాస్త్రీయ నామం ఆర్డియోలా గ్రేయీ. జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే పేరు మీద 1832లో సైక్స్ అనే మరో ప్రకృతి పరిశోధకుడు పెట్టాడు. రాతిపువ్వు మాత్రం ఒక్క జీవి కాదు, అందులో ఇద్దరున్నారు. ఇల్లు శిలీంధ్రానిది, ఎండతో ఆహారం తయారుచేసేది లోపలి నాచు. పార్మోట్రెమా పెర్లాటమ్ అన్న పేరు శిలీంధ్రానికే దక్కింది. నాచు పేరు వేరే. వండేవాళ్ల పేరు బోర్డు మీద ఉండకపోవడం మనకి కొత్తా!

ఒక జాగ్రత్త. పొట్లంలో ఒకే జాతి ఉంటుందన్న నమ్మకం లేదు. డైరీలో 'కొట్టులో కొన్న రాతిపువ్వు' అనే రాయండి.

ఇంటిపని: 'రంగు ఎప్పుడు మారుతుంది?' గుడ్లు పెట్టే కాలంలో కొంగ వీపు చూడండి. రాతిపువ్వు చుట్టాలు మన మామిడి బెరడు మీద కూడా బూడిద మచ్చల్లా ఉంటాయి. వాటి మీద నీళ్లు చల్లి రెండు నిమిషాలు ఆగండి. ఏమైందో వచ్చే పాఠంలోపు రాసి ఉంచండి.