చిటపట ఎక్కడి నుంచి? కంప్యూటర్ ఆడియోలో గరగర, టప్ శబ్దాలకు కారణాలు, పరిష్కారాలు

డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పని చేయించే సాఫ్ట్‌వేర్) మార్చడానికీ, కేబినెట్ మరలు విప్పడానికీ ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పాట పెట్టి, చిటపట వినిపించగానే పాటను ఆపండి. వాల్యూమ్‌ను ముట్టుకోవద్దు. పాటతో పాటే గరగర కూడా ఆగిందంటే లోపం ప్రాసెసర్, డ్రైవర్లు, సెట్టింగుల వైపు ఉంది. పాట ఆగినా చిరచిర సాగుతూనే ఉంటే అది కరెంటు గొడవ. తీగలు, ప్లగ్గులు, ఎర్తింగ్ చూడాలి. మొదలైనప్పుడో ఆగినప్పుడో ఒక్కసారి ‘టప్’ మని ఊరుకుంటే అది మూడో రకం. అయితే తీర్పు మొదటి రెండు మూడు క్షణాల్లోనే చెప్పేయాలి. పాట ఆగిన కాసేపటికి కొన్ని సౌండ్ కార్డులు నిద్రలోకి జారుకుంటాయి, దాంతో కరెంటు చిరచిర కూడా మాయమై మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

అనుమానం మొదట సౌండ్ కార్డు మీదికే పోవడం సహజం. నా అనుభవంలో మాత్రం అసలు దోషి ఎక్కువసార్లు వేరే ఎక్కడో ఉంటుంది.

లక్షణం: పాట నడుస్తుండగా అక్కడక్కడా చిటపట, ఇతర పనులు చేస్తుంటే మరీ ఎక్కువ

అన్నిటికంటే తరచుగా కనిపించేది ఇదే. కుళాయి ఉన్న తొట్టిని ఊహించుకోండి. కుళాయి సమంగా పారుతోంది, పైనుంచి ఒకరు చెంబుతో నీళ్లు పోస్తున్నారు. పోసే మనిషిని ఎవరో పిలిచారు, తల తిప్పాడు. తొట్టి ఒక్క క్షణం ఖాళీ అయింది, ధార తెగింది. ఆ తెగిన ధారే మనకు ‘చిట్’ మని వినిపిస్తుంది. ఇక్కడ తొట్టి అంటే బఫర్, శబ్దాన్ని కాసేపు నిల్వ ఉంచే చోటు. విండోస్ మామూలుగా 10 మిల్లీసెకన్లకోసారి అందులో శబ్దం నింపుతుంది. 48,000 హెర్ట్జ్ వద్ద, అంటే సెకను శబ్దాన్ని 48,000 ముక్కలుగా (నమూనాలుగా) కొలిచేటప్పుడు, అది 480 నమూనాలు. సంగీతం రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో బఫర్‌ను 128 నమూనాలకు తగ్గిస్తే గడువు 3 మిల్లీసెకన్లు కూడా ఉండదు.

పోసే మనిషిని పిలిచేది ఎవరు? సాధారణంగా మరో పరికరం డ్రైవర్. డ్రైవర్లు తమ అత్యవసర పనిలో కొంత భాగాన్ని కాసేపటికి వాయిదా వేసుకుంటాయి. విండోస్‌లో దీన్ని డీపీసీ అంటారు. అది నడుస్తున్నంతసేపూ ఆ ప్రాసెసర్ కోర్ మీద మామూలు ప్రోగ్రామ్‌లకు వంతు రాదు. ఒక్కో డీపీసీ 100 మైక్రోసెకన్లు దాటకూడదని మైక్రోసాఫ్ట్ డ్రైవర్లు రాసేవారికి చెబుతుంది. ఆ మాట వినని డ్రైవర్లకు కొదవ లేదు.

ఒకసారి నా ల్యాప్‌టాప్‌లో నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చిటపట వచ్చేది. సౌండ్ డ్రైవర్‌ను మూడుసార్లు తీసేసి మళ్లీ పెట్టాను, ఇయర్‌ఫోన్లు మార్చాను, ఒక సాయంత్రమంతా పోయింది. చివరికి ఏ డ్రైవర్ ఎంతసేపు ప్రాసెసర్‌ను పట్టుకుంటోందో చూపే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పది నిమిషాలు నడిపి, డ్రైవర్ల పట్టికను ‘అత్యధిక సమయం’ ప్రకారం పేర్చి చూస్తే, అందరికంటే పైన నెట్‌వర్క్ డ్రైవర్ కూర్చుని ఉంది. వైఫై ఆపాను, గరగర ఆగింది. మళ్లీ పెట్టాను, వచ్చింది. చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల కోసం అది వెతికిన ప్రతిసారీ శబ్దం తెగుతోందన్న మాట. వైఫై చిప్ తయారీదారు ఇచ్చిన కొత్త డ్రైవర్ వేశాక మళ్లీ వినిపించలేదు.

మీరూ ఇదే వరుసలో వెళ్లండి. లేటెన్సీమాన్ ఏ పేరు చూపిస్తే ఆ పరికరాన్ని డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా ఉండే చోట) తాత్కాలికంగా ఆపి వినండి. గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు వస్తే దాన్ని ఆపడం కాదు, కొత్త వెర్షన్ వేయాలి. కొత్తది వేశాకే గొడవ మొదలైతే పాతదానికి వెనక్కి వెళ్లాలి. ఏసీపీఐ (కరెంటు, బ్యాటరీ వ్యవహారాలు చూసే భాగం) పేరు వచ్చి, చిటపట కూడా లెక్క తప్పని విరామంతో వస్తుంటే, బ్యాటరీ స్థాయిని మాటిమాటికీ అడిగే భాగాన్ని అనుమానించండి. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీ కింద ఉన్న ఏసీపీఐ పద్దును ఆపి చూస్తే తేలిపోతుంది. పరీక్ష అయ్యాక దాన్ని తిరిగి ఆన్ చేయడం మరిచిపోవద్దు, లేకపోతే చార్జింగ్ శాతం కనిపించదు.

కరెంటు ఆదా కూడా ఇక్కడ వేలు పెడుతుంది. పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ కనిష్ఠ స్థాయి తరచుగా 5 శాతం దగ్గర ఉంటుంది. పరీక్ష కోసం దాన్ని 100 చేయండి. శబ్దం శుభ్రపడితే కారణం దొరికినట్లే; ఆ తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ రండి, ల్యాప్‌టాప్‌ను ఎప్పుడూ 100 మీద ఉంచితే వేడెక్కుతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారు అన్నిటికంటే ముందు బఫర్‌ను 256కో 512కో పెంచి చూడాలి. లినక్స్‌లో శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దీని పేరు ‘క్వాంటమ్’. కనిష్ఠ క్వాంటమ్ పెంచడమే మందు.

మరో సంగతి రైజెన్ ప్రాసెసర్లు ఉన్నవారికి. అప్పుడప్పుడూ కంప్యూటర్ మొత్తం ఒక క్షణం బిగుసుకుపోయి, దాంతో పాటు శబ్దం కూడా నత్తినత్తిగా వస్తే అది సౌండ్ సెట్టింగులతో పోయేది కాదు. మదర్‌బోర్డు బయోస్‌లోని (కంప్యూటర్‌ను మొదట లేపే సాఫ్ట్‌వేర్‌లోని) ఎఫ్‌టీపీఎం అనే భద్రతా అంశం వల్ల ఇలా జరగవచ్చని 2022 మార్చిలో రైజెన్ తయారీదారు ఏఎండీయే ప్రకటించింది. ఏఎండీ ఇచ్చే బయోస్ మూల కోడ్ ఏజెసా 1.2.0.7 ఆధారిత బయోస్‌తో దిద్దుబాటు వచ్చింది. అప్పటి నుంచి బయోస్ మార్చని కంప్యూటర్ అయితే ముందు ఆ పని చేయండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని సమాచారానికి వేసే తాళం) వాడుతున్నవారు రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే మొదలుపెట్టాలి.

లక్షణం: పాట గట్టిగా ఎత్తుకున్న చోటే బరబర

ఇది తెగిన ధార కాదు, పొంగిపోయిన తొట్టి. 16 బిట్ల శబ్దంలో ఒక నమూనా 32,767 దాటి పైకి వెళ్లలేదు. అంతకు మించిన అలల తలలు కత్తిరించుకుపోతాయి. ఈక్వలైజర్‌లో బాస్‌ను 6 డెసిబెల్స్ పెంచితే ఆ భాగంలో అల ఎత్తు రెట్టింపవుతుంది. ఈక్వలైజర్‌లో మొత్తం శబ్ద స్థాయిని మార్చే ప్రీయాంప్ మీటను అంతే మేర, అంటే −6కి దించండి. సౌండ్ ప్రాపర్టీస్‌లోని ‘ఎన్‌హాన్స్‌మెంట్స్’ అన్నీ తీసేయండి. అవి ఉండి ఒరగబెట్టేది తక్కువే.

లక్షణం: డిజిటల్ కేబుల్ కలిపినప్పుడు గడియారంలా ‘టిక్, టిక్’

బయటి పరికరం నుంచి ఆప్టికల్ లేదా కోయాక్సియల్ కేబుల్ ద్వారా శబ్దం తీసుకునేవారికే ఇది వస్తుంది. రెండు పరికరాలూ ఎవరి గడియారం వారిదే అన్నట్లు నడుస్తుంటాయి. వాటి మధ్య తేడా పది లక్షల్లో 20 వంతులే అయినా, 48,000 హెర్ట్జ్ వద్ద సెకనుకు దాదాపు ఒక నమూనా జారిపోతుంది. కార్డు ప్యానెల్‌లో క్లాక్ సోర్స్‌ను ‘ఇంటర్నల్’ నుంచి ఆ డిజిటల్ ఇన్‌పుట్‌కు మార్చండి. రెండు చోట్లా శాంపిల్ రేటు (సెకనుకు నమూనాల సంఖ్య) కూడా ఒకటే ఉండాలి.

లక్షణం: పాట మొదట్లో, ఆఖర్లో ఒక్క ‘టప్’

కార్డులో డిజిటల్ శబ్దాన్ని అనలాగ్‌గా మార్చే కోడెక్ చిప్ నిద్రపోతూ, లేస్తూ చేసే చప్పుడు ఇది. దీని వల్ల చెడిపోయేది ఏమీ లేదు గానీ, నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ స్పీకర్లు ఉలిక్కిపడుతుంటే విసుగే. లినక్స్‌లో ఇంటెల్ హెచ్‌డీఏ మాడ్యూల్‌కు పవర్ సేవ్ విలువను 0 చేస్తే పోతుంది. విండోస్‌లో కార్డు తయారీదారు ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ఉంటే ఆపండి. లేకపోతే డ్రైవర్ అప్‌డేట్‌లో జాబితా నుంచి మనమే ఎంచుకునే మార్గంలో వెళ్లి, విండోస్ సొంత ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ డ్రైవర్ వేసి చూడండి.

లక్షణం: పాట ఆపినా ఆగని రొద

మౌస్ కదిపినా, పేజీ పైకీ కిందికీ జరిపినా కీచుమనే సన్నని శబ్దం వస్తోందా? కంప్యూటర్ లోపలి కరెంటు ఒడుదొడుకులు అనలాగ్ తీగలోకి పాకుతున్నాయి. ముందు వైపు జాక్ నుంచి ప్లగ్ తీసి, వెనక మదర్‌బోర్డు జాక్‌లో పెట్టండి. ముందు జాక్‌కు వెళ్లే సన్నని తీగ తరచుగా గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పోతుంది కాబట్టి చాలావరకు అక్కడితోనే సరిపోతుంది.

ఎడతెగని ‘హుమ్’ అయితే చాలావరకు గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్ తీగలు, ఆడియో తీగ కలిసి ఏర్పడిన వలయం. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. హుమ్ ఆగితే నిర్ధారణ అయినట్లే. కంప్యూటర్, యాంప్లిఫయర్ రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డుకు కలపండి. చాలకపోతే ఆడియో తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి, లేదా ఆప్టికల్ కేబుల్‌కు మారండి. అందులో లోహం ఉండదు కాబట్టి లూప్‌కు దారే ఉండదు. ఎర్త్ పిన్ను విరిచేస్తే హుమ్ పోతుందని సలహా ఇచ్చేవారుంటారు. శబ్దం పోవడం నిజమే కావచ్చు, కానీ లోపల తీగ తెగి పెట్టెకు తగిలిన రోజున షాక్ కొట్టేది మీకే. ఆ పని వద్దు.

వాల్యూమ్ బిరడా తిప్పినప్పుడే గరగరమంటే లోపల దుమ్ము. పవర్ తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి, బిరడాను ఇరవై సార్లు ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి, ఆరనివ్వండి. ప్లగ్‌ను వేళ్లతో మెలితిప్పితే వచ్చే చిటపటకు మందు కొత్త కేబుల్ లేదా కొత్త జాక్.

ఇవన్నీ అయ్యాక కూడా పోకపోతే

యూఎస్‌బీ కార్డు అయితే హబ్ నుంచి తీసి నేరుగా వెనక పోర్టులో పెట్టండి. వెబ్‌క్యామ్, హార్డ్‌డిస్క్ దాని పక్కన ఉండకుండా చూడండి. కరెంటు ఆదా కోసం యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ను పవర్ ఆప్షన్లలో ఆపండి. ఇక చివరి పరీక్ష: పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను లైవ్‌గా నడిపి, వేరే హెడ్‌ఫోన్లతో అదే పాట వినండి. అక్కడ శుభ్రంగా ఉంటే తప్పు విండోస్ వైపుదో పాత హెడ్‌ఫోన్లదో, పైకి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. అక్కడా చిటపటలాడితే అప్పుడు మాత్రం కార్డును నిందించవచ్చు. విడి కార్డు అయితే వేరే స్లాట్‌లో ఒకసారి గుచ్చి చూసి మార్చేయండి. మదర్‌బోర్డులో అతికిందైతే దాని జోలికి పోకుండా చిన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ తెచ్చుకుని, పాతదాన్ని బయోస్‌లో ఆపేయండి.